పట్టాలు పుట్టే ఊరు

విజయనగరం దాటాక రైలు ఉత్తరానికి మళ్లుతుంది. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ వెళ్లే ఈ దారికి పెద్ద చరిత్రే ఉంది. సెంట్రల్ ప్రావిన్సెస్ సరుకును సముద్రానికి చేర్చాలని, విశాఖలో రేవు కట్టే రోజుల్లోనే ఈ లైనునూ పూర్తి చేశారు. రేవు 1933లో తెరుచుకుంది. ఖనిజం కిందికి దిగడానికి వేసిన దారిన ఆ తర్వాత మనుషులు పైకి ఎక్కారు. పాలకొండ, బొబ్బిలి, రాజాం, సాలూరు చుట్టుపక్కల పల్లెల నుంచి, వానలు మొహం చాటేసిన ఏళ్లలో, మూటాముల్లె సర్దుకుని దుర్గ్ ప్యాసింజర్ ఎక్కిన కుటుంబాలు ఎన్నో. 2024 సెప్టెంబరు నుంచి విశాఖ, దుర్గ్‌ల మధ్య వందే భారత్ కూడా నడుస్తోంది. నేను ఎక్కింది ఆ బండే.

రాయగడ దగ్గర నాగావళి కనిపించేసరికి ఎండ వాలింది. అక్కడి నుంచి కొండలు, సొరంగాలు. పక్క సీటులో భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. రాజాం దగ్గర ఎవరిదో పెళ్లి చూసుకుని ఇంటికి వెళుతున్నారు. "మా నాన్నగారు ప్లాంటు కట్టేటప్పుడు మట్టిపనికి వచ్చారండీ. నేను లోపల ఉద్యోగం చేశాను. మా పిల్లల్ని మీ సొంతూరేదంటే సెక్టార్ 4 అంటారు" అన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో గర్వమే ఉంది. కర్మాగారం కోసం కాగితం మీద గీసి కట్టిన కాలనీ, మూడో తరానికల్లా సొంతూరు ఎలా అయింది? భిలాయ్‌లో తిరిగినన్నాళ్లూ నేను వెతుక్కున్నది దీనికి జవాబే.

భిలాయ్ దుర్గ్ జిల్లాలో ఉంది. రాయపూర్‌కు పడమరగా 30 కిలోమీటర్లు. చుట్టూ ఛత్తీస్‌గఢ్ మైదానం. కొండలు కనబడవు. కనుచూపు మేర వరి మళ్లు, వాటి గట్ల మీద తుమ్మ చెట్లు, ప్రతి ఊరికీ చెరువు. పడమటి దిక్కున, దుర్గ్‌ను ఒరుసుకుంటూ శివనాథ్ నది పారుతుంది. అది వెళ్లి మహానదిలో కలుస్తుంది. హౌరా–ముంబై రైలుమార్గం ఊరిని రెండుగా చీలుస్తుంది. పట్టాలకు దక్షిణాన ప్లాంటు, దాని టౌన్‌షిప్. ఉత్తరాన జీఈ (గ్రేట్ ఈస్టర్న్) రోడ్డు, దాని వెంబడి సుపేలా, పవర్‌హౌస్, క్యాంప్ 1, క్యాంప్ 2, ఖుర్సీపార్. ఈ ఊరి కథంతా ఆ పట్టాలకు అటూ ఇటూగానే నడిచింది.

వరి పండే ఈ నేల మీదికి ఉక్కు ఎలా వచ్చింది? దక్షిణాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో దల్లీ, రాజహరా కొండలున్నాయి. ఆ కొండల నిండా ఇనుప ఖనిజం. భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ పందొమ్మిదో శతాబ్దంలోనే ఈ ప్రాంతంలోని ఇనుము గురించి రాశాడు. జంషెడ్జీ టాటా కొడుకు దొరాబ్జీ ఓ రోజు నాగ్‌పూర్‌లో అధికారి కోసం ఎదురుచూస్తూ ఎదురుగా ఉన్న మ్యూజియంలోకి వెళ్లాడట. అక్కడి భూగర్భ పటంలో దుర్గ్ జిల్లా మీద ఇనుమును సూచించే రంగు కనిపించింది. ఆయన మనుషులు వచ్చి ఈ కొండలెక్కారు. ఖనిజం మేలైనదే. కానీ దగ్గర్లో తగిన బొగ్గు, నీరు దొరకలేదు. 1904లో బోస్ రాసిన ఉత్తరంతో వాళ్ల చూపు మయూర్‌భంజ్ వైపు మళ్లి, కథ జంషెడ్‌పూర్‌కు చేరింది. దల్లీ రాజహరా కొండలు మరో అర్ధశతాబ్దం ఎదురుచూశాయి.

ఈ లోపు పరిస్థితులు మారాయి. 1921లో తాండులా జలాశయం పూర్తయింది. పొలాల కోసం నిలిపిన ఆ నీరే తర్వాత ప్లాంటుకూ దారి చేసింది. ఉత్తరాన నందినిలో సున్నపురాయి దొరికింది. బిలాస్‌పూర్ వైపు హిర్రీలో డోలమైట్ ఉంది. బొగ్గును దూరం నుంచి మోసుకురావడానికి పెద్ద రైలుమార్గం ఇంటి ముందే ఉంది. స్వతంత్ర భారతం రెండో పంచవర్ష ప్రణాళికలో మూడు ఉక్కు కర్మాగారాలు తలపెట్టింది. రూర్కెలాకు పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌కు బ్రిటన్, భిలాయ్‌కి సోవియట్ యూనియన్ చేయూతనిచ్చాయి. 1955 ఫిబ్రవరి 2న ఢిల్లీలో భిలాయ్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. నాలుగేళ్లు తిరగగానే, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో క్రుశ్చేవ్ స్వయంగా వచ్చి చూసి వెళ్లాడు. ఇక్కడ సోవియట్ ఇంజనీర్లకు నాయకత్వం వహించిన వెనియామిన్ డిమ్షిట్స్ తర్వాత తమ దేశానికి ఉపప్రధాని అయ్యాడు.

ఈ తేదీల వెనక పల్లెలున్నాయి. ప్లాంటు కోసం, టౌన్‌షిప్ కోసం ఎన్నో ఊళ్ల భూములు పోయాయి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 1990ల నుంచి ఇక్కడ ఉండి, కార్మికుల జీవితం మీద 2020లో పెద్ద పుస్తకం వెలువరించాడు. మొదట్లో స్థానిక ఛత్తీస్‌గఢీ రైతులు ప్లాంటులోకి రావడానికి భయపడ్డారని, పునాదుల్లో మనుషుల్ని బలి ఇస్తారన్న పుకారు కూడా లేచిందని ఆయన రాశాడు. తరతరాలుగా నాగలి తప్ప ఎరగని మనిషికి, రాత్రిపూట ఆకాశాన్ని ఎర్రగా వెలిగించే కొలిమిని చూస్తే భయం వేయడంలో వింతేముంది! ఆ ఖాళీలో పంజాబ్, బిహార్, బెంగాల్, ఒరిస్సా, కేరళ, ఆంధ్ర నుంచి జనం వచ్చి చేరారు. కొందరు ఇంజనీర్లు, కొందరు కార్మికులు, ఎక్కువమంది తట్టాబుట్టా పట్టిన కూలీలు. ఆ కూలీలకోసం వేసిన గుడిసెల వరసలే నేటి క్యాంప్ 1, క్యాంప్ 2.

పొద్దున్నే టౌన్‌షిప్‌లో నడవడం ఒక సుఖం. సెంట్రల్ అవెన్యూకు రెండు వైపులా చెట్లు పైన కలిసిపోయి నీడ పరుస్తాయి. సెక్టార్లకు 1 నుంచి 10 దాకా అంకెలే పేర్లు. సెక్టార్ లోపల వీధులకూ అంకెలే, క్వార్టర్లకూ అంకెలే. చిరునామా మొత్తం మూడు సంఖ్యల్లో ముగుస్తుంది. ప్రతి సెక్టార్‌కు తనదంటూ బడి, మార్కెట్, ఆటస్థలం. క్వార్టర్ ముందు జామ, మునగ, కరివేపాకు. కరివేపాకు మొక్క కాస్త శ్రద్ధగా పెరిగిన గుమ్మం కనిపిస్తే లోపలివాళ్లు తెలుగువాళ్లో మలయాళీలో అయి ఉంటారని ఇక్కడివాళ్లు చెబుతారు.

ఊరి గడియారం ప్లాంటు చేతిలో ఉంది. మొదటి షిఫ్ట్ ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు, రెండోది రెండు నుంచి రాత్రి పది, నైట్ పది నుంచి ఆరు. ఇంట్లో వంట, పిల్లల చదువు, పెళ్లి చూపులు, చివరికి వీధిలో పిల్లల గోల కూడా ఆ మూడు గంటలకు లోబడే. "నైట్ దిగి పడుకున్నారు" అంటే ఆ గుమ్మం ముందు ఎవరూ బంతి ఆడరు. ఎదురింటి మనిషి ఏ భాష మాట్లాడినా ఏ దేవుణ్ని కొలిచినా, అతని నిద్ర విలువ తెలియడమే ఇక్కడి ఇరుగుపొరుగు మర్యాదకు మొదటి పాఠం.

ఆ దేవుళ్ల సంగతికొస్తే, సెక్టార్లు తిరిగితే దేశం తిరిగినట్టే. సెక్టార్ 2లో అయ్యప్ప, సెక్టార్ 4లో జగన్నాథుడు, సెక్టార్ 5లో మన బాలాజీ, సెక్టార్ 6లో మసీదు, గురుద్వారా, సెక్టార్ 9లో హనుమంతుడు. రథయాత్ర రోజున ఒడియావాళ్ల వెంట తాడు పట్టేవాళ్లలో అన్ని భాషలవాళ్లూ ఉంటారు. బాలాజీ గుడిని నడిపేది ఆంధ్ర సాహిత్య సమితి. సాయంత్రం అక్కడికి వెళ్తే, తెలుగు నోట హిందీ దొర్లుతూ ఉంటుంది. అమ్మమ్మ తెలుగులో అడుగుతుంది, మనవరాలు హిందీలో జవాబు చెబుతుంది. ఇద్దరికీ అర్థమవుతుంది. బడిలో తెలుగు దొరకని పిల్లలకు గుడి, పండుగ, పెళ్లి భోజనం ఇవే తెలుగు బడులయ్యాయి. ఉగాది పచ్చడి, సంక్రాంతి ముగ్గు వదలకుండా నిలబెట్టుకున్నవాళ్ల పట్టుదలకు నమస్కరించాలనిపించింది.

పట్టాలకు ఉత్తరాన తెలుగు మరో రకంగా వినిపిస్తుంది. ఖుర్సీపార్‌లో, చరోదా రైల్వే కాలనీల్లో ఉత్తరాంధ్ర యాస చెక్కుచెదరలేదు. ఖుర్సీపార్‌లో ఇడ్లీ బండి దగ్గర ఆగితే ఆవిడ నా మాట పట్టేసింది. "ఏ ఊరు బాబూ మీది? విశాపట్నమా? మాది పాలకొండ పక్కన. మా ఆయన కుర్రతనంలోనే ఇటొచ్చీసినాడు, నాను పెళ్లై వొచ్చినాను. ఇంకెక్కడికెళ్తాం, మనవలంతా ఇక్కడే" అంది. భర్త ప్లాంటులో ఠేకేదారు (కాంట్రాక్టరు) కింద పనిచేశాడు. క్వార్టర్ రాలేదు, పింఛను లేదు. సొంత కష్టంతో రెండు గదులు వేసుకున్నారు. రైలులో కలిసిన పెద్దాయన కుటుంబమూ, ఈవిడ కుటుంబమూ దాదాపు ఒకే జిల్లా నుంచి, ఒకే ప్లాంటు కోసం వచ్చాయి. ఒకరికి దక్షిణం వైపు చోటు దొరికింది, ఒకరికి దొరకలేదు.

ఈ ఊళ్లో పాతవాళ్ల జీవితం, అంటే ఛత్తీస్‌గఢీ పల్లె జీవితం, టౌన్‌షిప్ అంచుల్లోనే సాగుతోంది. వేసవిలో వాళ్లు తినేది బోరే బాసీ. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినే మన చద్దన్నమే. 2022 మే డే నాడు అక్కడి రాష్ట్ర ప్రభుత్వం కార్మికుల గౌరవార్థం బోరే బాసీ తినమని జనానికి పిలుపునిచ్చింది. బియ్యప్పిండితో పోసే చీలాను చూస్తే మనవాళ్లు అట్టు అనే అంటారు. భిలాయ్‌కి దగ్గరలోని గనియారీ తీజన్ బాయి పుట్టిన ఊరు. తంబురా చేతపట్టి, ఒక్కసారి దాన్ని భీముడి గదగా, ఒక్కసారి అర్జునుడి విల్లుగా మలిచి మహాభారతాన్ని పాడే పాండవానీ కళను ఆమె ప్రపంచ వేదికలెక్కించింది. ఆడవాళ్లు కూర్చునే పాడాలన్న కట్టుబాటును దాటి, నిలబడి గొంతెత్తింది. ఆమెకు ఉద్యోగమిచ్చి ఆదుకున్నది భిలాయ్ ప్లాంటు. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది. బుర్రకథ విని పెరిగిన తెలుగువాడికి పాండవానీ తొలి చరణంలోనే దగ్గరి చుట్టమైపోతుంది. ఉక్కు లెక్కలు చూసే సంస్థ ఒక కథాగాయనికి జీతం ఇవ్వడం ఈ ఊరి స్వభావాన్ని చెబుతుంది.

ముందుగా అనుమతి తీసుకుని ప్లాంటు లోపలికి వెళ్లాను. బ్లాస్ట్ ఫర్నేస్‌లో పైనుంచి ఖనిజం, కోక్ (బొగ్గు నుంచి తీసిన ఇంధనం), సున్నపురాయి వేస్తారు. కిందినుంచి కాలే గాలిని ఊదుతారు. కోక్ మండి ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. సున్నపురాయి మలినాలను పట్టుకుని స్లాగుగా తేలుతుంది. ఆ స్లాగు సిమెంటు తయారీకి పనికొస్తుంది. అడుగున చేరిన ద్రవ ఇనుమును తీసుకెళ్లి ఆక్సిజన్ ఊది కర్బనం తగ్గిస్తే ఉక్కు అవుతుంది. 2018లో మొదలైన ఎనిమిదో ఫర్నేస్‌కు మహామాయ అని పేరు పెట్టారు. ఛత్తీస్‌గఢ్ ప్రజలు కొలిచే అమ్మవారి పేరది. అది ఒక్కటే రోజుకు 8,000 టన్నుల ఇనుము ఇవ్వగలదు. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కుతో మొదలైన ప్లాంటు 25 లక్షలు, 40 లక్షలు దాటి, ఇప్పుడు 70 లక్షల టన్నుల స్థాయికి విస్తరించింది.

నన్ను కదలనివ్వనిది రైలు మిల్లు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మె రోలర్ల మధ్య అటూ ఇటూ పరుగెత్తి, ప్రతి విడతా సన్నబడి, చివరికి 130 మీటర్ల పొడవైన పట్టాగా సాగుతుంది. అలాంటివి రెండు అతికి 260 మీటర్ల పట్టాలుగా రైలు బండ్ల మీదే దేశానికి పంపుతారు. దశాబ్దాలుగా భారతీయ రైల్వేకు పట్టాలు ప్రధానంగా ఇక్కడి నుంచే వెళ్లాయి. మన ఊరి స్టేషన్లో పట్టా పక్కభాగాన్ని గమనిస్తే పోతపోసినట్టున్న అక్షరాలు, తయారైన ఏడు కనిపిస్తాయి. విమానవాహక నౌక విక్రాంత్‌లోనూ భిలాయ్ ఉక్కు ఉంది.

ఈ ఉక్కుకు చెల్లించిన మూల్యాన్ని కూడా చెప్పాలి. 2014 జూన్‌లో విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు. వాళ్లలో పెద్ద అధికారులూ ఉన్నారు. 2018 అక్టోబరులో కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపు పేలి పదిమందికి పైగా కాలిపోయారు. సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రిలో కాలిన గాయాల విభాగానికి అంత పేరు రావడానికి కారణం, దాని అవసరం ఈ ఊరికి అంతగా ఉండటమే.

ఇంకా పెద్ద మూల్యం గనుల్లో ఉంది. దల్లీ రాజహరాకు వెళ్లే దారంతా క్రమంగా ఎర్రబడుతుంది. నేల, ఆకులు, ఇళ్ల గోడలు అన్నీ ఖనిజపు ధూళి రంగే. 1970ల్లో ఇక్కడ ఠేకేదార్ల కింద చేతులతో ఖనిజం తవ్విన వేలమంది ఆడా మగా కూలీలకు ప్లాంటు ఉద్యోగుల జీతమూ లేదు, క్వార్టరూ లేదు. భిలాయ్ కోక్ ఓవెన్లలో పనిచేసి బయటికొచ్చిన శంకర్ గుహ నియోగి 1977లో వాళ్లతో కలిసి సంఘం కట్టాడు. ఆ జూన్‌లో పోలీసు కాల్పుల్లో 11 మంది ప్రాణాలు పోయాయి. ఆ కార్మికులు తమ కూలి డబ్బులతో, తమ చెమటతో అమరుల పేరిట షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. 1983లో మొదలైన ఆ ఆసుపత్రి ఇప్పటికీ పేదలకు వైద్యం చేస్తోంది. సెక్టార్ 9 ఆసుపత్రిని ప్రభుత్వం ఇచ్చింది. రాజహరా ఆసుపత్రిని లేనివాళ్లే లేనివాళ్లకు ఇచ్చారు. ఈ రెండూ చూడందే భిలాయ్ యాత్ర పూర్తికాదని నా నమ్మకం.

నియోగి ఆ తర్వాత భిలాయ్ చుట్టూ ఉన్న ప్రైవేటు ఫ్యాక్టరీల ఠేకా కార్మికుల కోసం నిలబడ్డాడు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, నిద్రలో ఉండగా అతన్ని కాల్చి చంపారు. మరుసటి ఏడు జులై 1న పవర్‌హౌస్ స్టేషన్లో పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది మరణించారు. ఈ ఊరు చేసిన పట్టాల మీదే ఈ ఊరి కార్మికుల నెత్తురు పారింది. సరిగ్గా నెల తిరిగాక, 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు.

ఆ రెండు తేదీలూ నా మనసులో పక్కపక్కన నిలిచిపోయాయి, ఎందుకంటే విశాఖ ఉక్కు భిలాయ్‌కి తమ్ముడి వరస. దానికీ సోవియట్ సాయమే అందింది. దాని కాలనీ ఉక్కునగరంలోనూ సెక్టార్లు, క్వార్టర్లు, చెట్ల నీడలే. దానికోసమూ పల్లెలు ఖాళీ అయ్యాయి.

భిలాయ్ టౌన్‌షిప్ ఇవాళ మారుతోంది. పర్మినెంటు ఉద్యోగులు ఏటేటా తగ్గుతున్నారు, ఠేకా కార్మికులు పెరుగుతున్నారు. చాలా క్వార్టర్లు లీజుకు వెళ్లాయి, కొన్ని తాళాలు పడి ఉన్నాయి. సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో వెలసిన మైత్రీ బాగ్‌లో ఆదివారం పిల్లలు తెల్ల పులుల్ని చూసి కేరింతలు కొడుతూనే ఉన్నారు. 2016లో భిలాయ్ పేరిట ఐఐటీ మొదలైంది. ఇక్కడి పిల్లలు మంచి బడులలో చదివి దేశమంతా, ప్రపంచమంతా వెళ్లారు. తండ్రి కొలిమి దగ్గర నిలబడితే కూతురు ఇంజనీరైన ఇళ్లు ఈ సెక్టార్లలో అడుగడుగునా కనిపిస్తాయి. దల్లీ రాజహరా ఖనిజం తరిగిపోతుంటే, ప్లాంటు చూపు బస్తర్ అంచున ఉన్న రావ్‌ఘాట్ కొండల మీదికి మళ్లింది. ఆ వైపుకు కొత్త రైలు దారి పడింది. ఆ దారి పక్కన ఉన్న గోండు పల్లెలకు 1955 నాటి రైతుల కంటే మెరుగైన న్యాయం దక్కాలి.

కాలనీ సొంతూరు ఎలా అయిందన్న ప్రశ్నకు ఇక్కడ నాకు దొరికిన జవాబు ఇది. నెల తిరిగేసరికి జీతం వస్తుందన్న ధీమా, జబ్బు చేస్తే ఆసుపత్రి ఉందన్న ధైర్యం, ఎవరి బిడ్డకైనా ఒకే బడి, పక్కింటివాడితో కలిసి ముసలితనం దాకా బతకగలిగే నిలకడ. ఈ నాలుగూ అమరినచోట భాషలు వేరైనా జనం వేళ్లూనుకుంటారు. ఆ నాలుగూ అందనివాళ్లు, ఇడ్లీ బండి నడిపే ఆవిడలాగా, తమ బలంతోనే వేళ్లూనుకోవలసి వచ్చింది. ప్రజల డబ్బుతో కట్టిన కర్మాగారాన్ని లాభనష్టాలతో మాత్రమే తూచేవాళ్లు దక్షిణం వైపు సెక్టార్లను ఖర్చు కింద రాస్తారు. నా కళ్లకు అవే ఈ దేశం తయారుచేసిన అత్యుత్తమ సరుకు. 2021 జనవరిలో అమ్మకానికి నిర్ణయం వచ్చినప్పటి నుంచి విశాఖ ఉక్కును కాపాడుకోవాలని మనం పోరాడుతున్నాం. ఆ పోరాటంలో ప్లాంటు గేటు బయట నిలబడ్డ ఠేకా కార్మికుడి జీతాన్ని, నిర్వాసితుడి ఉద్యోగాన్ని కూడా మొదటి వరుసలోనే చేర్చాలి. భిలాయ్ సగం మందికి ఇవ్వగలిగిన సొంతూరిని అందరికీ ఇవ్వమని అడిగే హక్కు మనకుంది.